పెట్టె మీద రాసేదీ, ప్రతి పెట్టెలో ఉండేదీ

2018లో ప్లేస్టేషన్ 4 మీద వచ్చిన మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్ ఆటలో కొంత డేటా హార్డ్ డిస్క్ మీద 400 సార్లు రాసి ఉంటుంది. వీధి పక్కన కనిపించే పోస్టు డబ్బాలు, పేపర్ స్టాండ్లు, అలాంటివి. నగరమంతా అవే కనిపిస్తాయి కాబట్టి ఒక్కసారి రాసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. హార్డ్ డిస్క్‌తో అది కుదరదు. తిరిగే పళ్ళెం మీద చదివే హెడ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగాలి, జరిగిన ప్రతిసారీ కొంత టైమ్ పోతుంది. స్పైడర్‌మ్యాన్ వీధి తర్వాత వీధి దాటేస్తుంటే, ముందున్న వీధిలోని ప్రతి చిన్న వస్తువు కోసం హెడ్ అటూ ఇటూ పరిగెత్తాల్సి వస్తే, అతను చేరేసరికి ఆ వీధి తయారై ఉండదు. అందుకని ఏ వీధికి కావలసిన సామాను ఆ వీధి డేటా పక్కనే మళ్ళీ మళ్ళీ రాసిపెట్టారు. 2020 మార్చిలో ప్లేస్టేషన్ 5 లోపలి నిర్మాణాన్ని వివరిస్తూ దాని ముఖ్య రూపకర్త మార్క్ సెర్నీ చెప్పిన సంగతి ఇది.

ఆ ప్రసంగం ఈ మధ్య మళ్ళీ చూశాను. అప్పట్లో అందరూ మాట్లాడుకున్నది కొత్త ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేని డిస్క్, సెకనుకు 5.5 గిగాబైట్లు చదువుతుందన్న దాని గురించి. ఈసారి నా మనసు ఆ 400 దగ్గర ఆగిపోయింది. ఆటలో నగరం ఎంత పెద్దదిగా ఉండాలి, హీరో ఎంత వేగంగా కదలాలి, ఏ వస్తువు ఎన్నిసార్లు కనిపించాలి అన్నవి డిజైనర్లు కూర్చుని తేల్చుకునే విషయాలని మనం అనుకుంటాం. వాటిలో చాలావాటిని వాళ్ళ కంటే ముందే ఒక డిస్క్ తేల్చేసింది. అదైనా మంచి డిస్క్ కాదు. సొంతంగా ఎస్‌ఎస్‌డీ కొని ప్లేస్టేషన్ 4లో బిగించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆట మాత్రం పెట్టెతో పాటు వచ్చిన మామూలు డిస్క్ కోసమే తయారైంది.

నా అభిప్రాయం ఇదీ. కన్సోల్ పెట్టె మీద గొప్పగా రాసుకునే ఫీచర్ ఆటను మలచదు. ప్రతి ఆటగాడి దగ్గరా తప్పకుండా ఉంటుందని డెవలపర్ కళ్ళు మూసుకుని నమ్మగలిగిందే ఆటను మలుస్తుంది. అది బలమైనా సరే, బలహీనతైనా సరే.

పరిమితి ఒక్కటే చాలదు

ఆటల చరిత్ర రాసేవాళ్ళకి బాగా ఇష్టమైన మాట ఒకటుంది, పరిమితుల్లోంచే సృజన పుడుతుందని. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకోలేను. ఈ మాటకు సాక్ష్యంగా ఎప్పుడూ చూపించే మెషీన్‌నే తీసుకుందాం.

1977లో వచ్చిన అటారీ 2600లో ర్యామ్ 128 బైట్లు. తెర మీది బొమ్మ మొత్తాన్ని దాచుకునే చోటే అందులో లేదు. టీవీ ఒక్కో గీత గీస్తున్నకొద్దీ ఆ గీతలో ఏముండాలో ప్రోగ్రామ్ అప్పటికప్పుడు చిప్‌కి చెబుతూ పోవాలి. చిప్ తనంతట తాను చూపించగలిగేవి రెండు ఆటగాళ్ళ బొమ్మలు, రెండు గుళ్ళు, ఒక బంతి, వెనకాల మొరటు గోడలు. ఆ గోడలను కూడా సగం తెరకే వర్ణించాలి. మిగతా సగం మామూలుగా దాని నకలో, అద్దంలో పడ్డ ప్రతిబింబమో అవుతుంది. అడ్వెంచర్ అనే ఆటలో కోటలు, చిక్కుదారులు ఎడమా కుడీ ఒకేలా ఉండటానికి కారణం అదే. అలాంటి మెషీన్ మీద 1982లో డేవిడ్ క్రేన్ పిట్‌ఫాల్ ఆటలో 255 తెరల అడవిని 4 కిలోబైట్లలో పెట్టాడు. అతను ఆ తెరలను ఎక్కడా దాచలేదు. ఒక తెర సంఖ్య నుంచి పక్క తెర సంఖ్యను పుట్టించే చిన్న లెక్క రాశాడు. ఆ సంఖ్యలోని బిట్లే అక్కడ గుంట ఉందో, మొసళ్ళున్నాయో, నిధి ఉందో చెబుతాయి.

అద్భుతమే. కానీ 128 బైట్ల ఇరుకు ఒక్కటే ఈ పని చేయించిందా? ఇరుకు అప్పట్లో అందరికీ ఉంది. అటారీ ప్రత్యేకత ఏమిటంటే, ఆ ఇరుకు లక్షల ఇళ్ళలోనూ బిట్ తేడా లేకుండా ఒకేలా ఉంది. ఒక ట్రిక్కు ఒక మెషీన్ మీద పనిచేస్తే అన్నిటి మీదా పనిచేస్తుంది. గీత గీతకీ ప్రాసెసర్ ఎన్ని అడుగులు వేయగలదో లెక్క కట్టుకుంటే ఆ లెక్క ఎక్కడా తప్పదు. అందుకే జనం ఆ మెషీన్‌ను అంత లోతుగా తవ్వారు. రేపు ఇంకో మోడల్‌లో మారిపోతుందంటే అంత తవ్వే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

ఈ తేడా నింటెండో క్యాట్రిడ్జ్‌లలో, అంటే ఆట నింపి అమ్మే ప్లాస్టిక్ డబ్బాల్లో, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నింటెండో ఫామికామ్ 1983లో వచ్చింది. ఒక గీతలో 8 స్ప్రైట్లకు (కదిలే చిన్న బొమ్మలకు) మించి చూపలేదు కాబట్టి తెర నిండా శత్రువులొస్తే బొమ్మలు మినుకుమినుకుమంటాయి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. అందులో మబ్బు బొమ్మకే పచ్చరంగు వేసి పొదగా వాడుకున్నారు. మారియో ముందుకే తప్ప వెనక్కి పోలేడు. మూడేళ్ళ తర్వాత వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3 చూస్తే అదే కన్సోలా అనిపిస్తుంది. కన్సోల్ అదే. మారింది క్యాట్రిడ్జ్. దాని లోపల ఒక అదనపు చిప్ పెట్టారు. ఆటను ముక్కలు ముక్కలుగా మెమరీలోకి తెచ్చుకోవడం, తెర మధ్యలో ఫలానా గీత దగ్గర బొమ్మను విడగొట్టడం లాంటి పనులు ఆ చిప్ వల్ల సులువయ్యాయి. 1993లో స్టార్ ఫాక్స్ కూడా ఇదే దారిలో సూపర్ ఎఫ్ఎక్స్ చిప్‌ను క్యాట్రిడ్జ్‌లోనే మోసుకొచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది చిప్ ఎక్కడుందన్నది. ఆట కొన్న ప్రతివాడికీ చిప్ కూడా చేరింది. డెవలపర్‌కి అనుమానం లేదు. అదే కాలంలో సెగా మెగా డ్రైవ్‌కి 32ఎక్స్ అనే అదనపు యంత్రం విడిగా అమ్మింది. దాని శక్తి ఎక్కువే. కానీ అది కొన్నవాళ్ళు తక్కువ, తక్కువ కాబట్టి ఆటలు రాలేదు, ఆటలు రాలేదు కాబట్టి ఎవరూ కొనలేదు. నింటెండో 64కి మెమరీని రెట్టింపు చేసే ఎక్స్‌పాన్షన్ ప్యాక్ వచ్చినప్పుడు, 1999లో డాంకీ కాంగ్ 64 ఆ ప్యాక్‌ను ఆట పెట్టెలోనే పెట్టి అమ్మింది. ఆ ఆట చేసినవాళ్ళకి విషయం అర్థమైందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఫీచర్ తీసేస్తే ఆటలో మిగిలేది

ఫామికామ్ రెండో కంట్రోలర్‌లో ఒక చిన్న మైక్ ఉండేది. 1986లో జపాన్‌లో వచ్చిన ది లెజెండ్ ఆఫ్ జెల్డాలో పోల్స్ వాయిస్ అనే పెద్ద చెవుల శత్రువుంది. మైక్‌లో గట్టిగా అరిస్తే చచ్చిపోతుంది. ఎంత చక్కటి ఆలోచన! ఆటగాడి గదిలోని శబ్దం ఆటలోకి వచ్చేసింది. మరుసటి ఏడాది ఆట అమెరికాకు వెళ్ళింది. అక్కడ అమ్మిన కన్సోల్ కంట్రోలర్లలో మైక్ లేదు. శత్రువును బాణంతో కొడితే చచ్చేలా మార్చారు. కానీ మాన్యువల్‌లో మాత్రం దానికి పెద్ద శబ్దాలంటే పడదన్న వాక్యం అలాగే ఉండిపోయింది. పిల్లలు ఆటలో దొరికే వేణువు తీసి దాని ముందు ఊదుతూ కూర్చున్నారు. ఏమీ జరగలేదు.

ఈ ఉదంతం నాకు చాలా ఇష్టం. ఒక ఫీచర్‌ను నమ్ముకుని కట్టిన ఆటలోంచి ఆ ఫీచర్‌ను లాగేస్తే ఎలాంటి గుంట మిగులుతుందో ఇది కళ్ళకు కట్టిస్తుంది. శత్రువు రూపం, పెద్ద చెవులు, ఆ పేరు, అన్నీ అరుపు కోసం పుట్టినవి. అరుపు లేకపోతే వాటికి అర్థం లేదు.

దీనికి తలకిందులైన కథ అదే సిరీస్‌లో 2006లో జరిగింది. ట్విలైట్ ప్రిన్సెస్‌ను గేమ్‌క్యూబ్ కోసం తయారుచేస్తూ ఉండగా వీ కన్సోల్ కూడా వచ్చేసింది. వీ రిమోట్ ఊపితే కత్తి ఊగాలి. ఆట హీరో లింక్ ఎడమచేతివాటం వాడు, ఆడేవాళ్ళలో ఎక్కువమంది కుడిచేతివాటం. కత్తి పట్టిన చెయ్యి మారిస్తే పోతుందనుకుంటాం. వాళ్ళు ఆట మొత్తాన్ని అద్దంలో తిప్పినట్టు తిప్పేశారు. గేమ్‌క్యూబ్‌లో పడమటన ఉన్న ఊరు వీలో తూర్పున ఉంటుంది. చేతిలో ఏముందన్న ఒక్క ప్రశ్న ఒక ప్రపంచపు దిక్కుల్నే మార్చేసింది.

మరుసటి ఏడాది నింటెండో డీఎస్‌లో ఫాంటమ్ అవర్‌గ్లాస్ ఆడుతున్నప్పుడు నాకు ఎదురైన చిక్కుముడి ఇప్పటికీ గుర్తుంది. పై తెరలో ఒక ముద్ర, కింది తెరలో సముద్రపు మ్యాప్. ముద్రను మ్యాప్ మీద అద్దమంటుంది ఆట. స్టైలస్‌తో గీశాను, నొక్కాను, రుద్దాను. చివరికి విసుగొచ్చి డీఎస్ మూసేశాను. తిరిగి తెరిస్తే ముద్ర పడి ఉంది. మూసినప్పుడు పై తెర కింది తెరను తాకుతుంది, అంతే. పుస్తకంలా మూసుకునే రెండు తెరలు ప్రతి డీఎస్‌లోనూ ఉంటాయి కాబట్టే ఎవరో ఈ ఆలోచన చేయగలిగారు.

ఉందో లేదో తెలియని భాగం

డెవలపర్‌ను నిజంగా ఇబ్బంది పెట్టేది లేనిది కాదు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్నది.

2001 నాటి మొదటి ఎక్స్‌బాక్స్ ప్రతిదాంట్లోనూ 8 గిగాబైట్ల హార్డ్ డిస్క్ ఉండేది. ఆట డీవీడీలోంచి చదివినదాన్ని దాచుకోవడానికి డెవలపర్లు దాన్ని ధైర్యంగా వాడుకున్నారు. 2005లో ఎక్స్‌బాక్స్ 360 రెండు రకాలుగా వచ్చింది. ఖరీదైనదాంట్లో హార్డ్ డిస్క్ ఉంది, చవకదాంట్లో లేదు. ఏ ఆటయినా హార్డ్ డిస్క్ లేకుండానూ నడవాలి. అంటే డిజైన్ వరకు హార్డ్ డిస్క్ లేనట్టే. ముందు తరంలో ఉన్న ఫీచర్ తర్వాతి తరంలో, కొన్ని పెట్టెల్లో భౌతికంగా ఉండి కూడా, డెవలపర్ లెక్కల్లోంచి మాయమైపోయింది.

అదే కన్సోల్‌లో మెమరీ విషయంలో మాత్రం మంచి నిర్ణయం జరిగింది. మైక్రోసాఫ్ట్ మొదట 256 మెగాబైట్లు అనుకుంది. గేర్స్ ఆఫ్ వార్ చేస్తున్న ఎపిక్ గేమ్స్ వాళ్ళు, 256తో ఆట ఎలా కనిపిస్తుందో, 512తో ఎలా కనిపిస్తుందో బొమ్మల్లో చూపించి ఒప్పించారు. ఆ పెంపు అన్ని మోడళ్ళకీ వర్తించింది. ఆట కన్సోల్‌ను మలిచిన అరుదైన సందర్భం ఇది. ఆ తరం మొత్తం దాని ఫలం అనుభవించింది.

2020లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌తో పాటు చవకగా సిరీస్ ఎస్ వచ్చింది. మొదటిదాంట్లో మెమరీ 16 గిగాబైట్లు, రెండోదాంట్లో 10. 2023లో బాల్డర్స్ గేట్ 3 ఆగస్టులో పీసీకి, సెప్టెంబర్‌లో ప్లేస్టేషన్ 5కి వచ్చింది. ఎక్స్‌బాక్స్‌కి డిసెంబర్ దాకా రాలేదు. ఒకే తెరను పంచుకుని ఇద్దరు ఆడే మోడ్‌ను సిరీస్ ఎస్ మోయలేకపోయింది. రెండు మోడళ్ళలోనూ అవే సౌకర్యాలుండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. చివరికి ఆ నియమాన్ని సడలించి, సిరీస్ ఎస్‌లో ఆ మోడ్ లేకుండానే విడుదలకు ఒప్పుకున్నారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ప్యాచ్ 8 అనే అప్‌డేట్‌తో గానీ ఆ మోడ్ సిరీస్ ఎస్‌కి చేరలేదు.

ఈ గొడవలో చాలామంది సిరీస్ ఎస్‌ను తిట్టారు. నేను ఆ తిట్లలో కలవను. తక్కువ ధరకు కొత్త తరం ఆటలు ఆడే అవకాశం చాలామందికి ఇచ్చిన మెషీన్ అది. తక్కువ మెమరీలో ఆటను పట్టించడానికి పడ్డ శ్రమ మిగతా మెషీన్ల మీద కూడా ఆటను తేలిక చేస్తుంది. నా పేచీ ఒక్కటే. ఒకే తరంలో రెండు మెట్లు పెడితే డెవలపర్ నిలబడేది కింది మెట్టు మీదే. పై మెట్టుకు పెట్టిన మెమరీ అంకె ప్రకటనలో ఎంత గొప్పగా ఉన్నా, ఆటల నిర్మాణంలో దాని మాట చెల్లదు. తెర మీది బొమ్మ మాత్రం కాస్త పదునుగా వస్తుంది.

నా మాటకే అడ్డొచ్చేవి

నా వాదాన్ని నేనే పరీక్షించుకుంటే మొదట ఎదురయ్యేది కినెక్ట్, ఆటగాడి ఒంటి కదలికలను చూసే మైక్రోసాఫ్ట్ కెమెరా. 2010లో విడిగా అమ్మినప్పుడు 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడుపోయింది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో మైక్రోసాఫ్ట్ సరిగ్గా నేను చెబుతున్న పనే చేసింది. ప్రతి పెట్టెలోనూ కినెక్ట్ పెట్టింది. గ్యారంటీ ఇచ్చింది. అయినా ఆటలు మారలేదు. మరుసటి జూన్‌లో కినెక్ట్ లేకుండా, ధర తగ్గించి అమ్మడం మొదలుపెట్టారు. దాని కోసం పక్కన పెట్టి ఉంచిన గ్రాఫిక్స్ శక్తి, దాదాపు 10 శాతం, డెవలపర్లకు వదిలేశారు. అంటే అప్పటిదాకా కినెక్ట్‌ను ముట్టుకోని ఆట కూడా దానికి పన్ను కడుతూనే ఉంది.

ఎందుకిలా అయింది? బహుళ ప్లాట్‌ఫారాల మీద ఆటలు చేసే ఒక స్టూడియోలో పనిచేసే స్నేహితుడితో దీని గురించి చాలాసేపు మాట్లాడాను. అతను చెప్పిన దాని సారం ఇది. ఒక కన్సోల్‌లో మాత్రమే ఉన్న ఫీచర్‌ను ఆటలో కీలకం చేస్తే, మిగతా కన్సోళ్ళలో అది లేకుండా అదే ఘట్టం ఎలా నడవాలో ఇంకోసారి డిజైన్ చేయాలి, ఇంకోసారి టెస్ట్ చేయాలి. వాడకుండా వదిలేస్తే ఎవరూ అడగరు. అందుకే అలాంటి ఫీచర్ ఎప్పుడూ అలంకారంగానే మిగులుతుంది. తీసేసినా ఆట ఆగని చోటే దాన్ని పెడతారు. ప్లేస్టేషన్ 4 టచ్‌ప్యాడ్ ఎక్కువ ఆటల్లో మ్యాప్ తెరిచే బటన్‌గా మిగిలిపోయింది అందుకే.

కాబట్టి నా మాటను కొంచెం సవరించుకోవాలి. గ్యారంటీ ఒక పెట్టెకు ఉంటే చాలదు. స్టూడియో ఆట అమ్ముకునే మార్కెట్ మొత్తానికి ఉండాలి. నింటెండో సొంత ఆటలకు ఆ మార్కెట్ నింటెండో మెషీన్ ఒక్కటే, అందుకే వాళ్ళ ఫీచర్లు వాళ్ళ ఆటల్లో ఎముకల దాకా దిగుతాయి. ప్లేస్టేషన్ 3 సెల్ ప్రాసెసర్ కథ కూడా ఇదే. మామూలు ప్రాసెసర్ భాగానికి తోడు ఆటలకు అందే ఆరు చిన్న ప్రాసెసర్లు, ఒక్కోదానికి 256 కిలోబైట్ల సొంత మెమరీ. ప్లేస్టేషన్‌కి మాత్రమే పనిచేసే నాటీ డాగ్ లాంటి స్టూడియోలు వాటిని పిండి పనిచేయించాయి. రెండు కన్సోళ్ళకూ ఆటలు చేసేవాళ్ళకి అదొక తలనొప్పి. మెమరీ కూడా 256, 256గా రెండు ముక్కలైపోవడంతో, ఎక్స్‌బాక్స్ 360లో ఒకే ముక్కగా ఉన్న 512 మెగాబైట్లలో పట్టిన ఆట ఇక్కడ ఇరుకున పడేది. 2011లో స్కైరిమ్ ప్లేస్టేషన్ 3 మీద సేవ్ ఫైల్ పెరిగేకొద్దీ నత్తనడక నడిచింది. కాగితం మీద ఎక్కువ బలమున్నది సెల్లే.

రెండో అడ్డంకి వీ. 10 కోట్లకు పైగా ఇళ్ళలో అదే రిమోట్, పెట్టెలోనే వచ్చింది. ఆ మార్కెట్ చాలా పెద్దది. అయినా వచ్చిన ఆటల్లో ఎన్నో, బటన్ నొక్కే చోట చెయ్యి ఊపమన్నవే. ఇక్కడ ఫీచర్ గ్యారంటీగా ఉంది, దాని నాణ్యత చాలలేదు. మొదటి రిమోట్‌లోని సెన్సర్‌కి కుదుపు తెలుస్తుంది, చెయ్యి ఏ కోణంలో తిరిగిందో సరిగ్గా తెలియదు. అందుకే టెన్నిస్‌లో సోఫాలో కూర్చుని మణికట్టు విదిలించినా బంతి వెళ్ళేది. అది సరిచేసే మోషన్‌ప్లస్ 2009లో, మూడేళ్ళు ఆలస్యంగా, విడి అటాచ్‌మెంట్‌గా వచ్చింది. అప్పటికే కోట్ల ఇళ్ళలో అది లేని రిమోట్లు చేరిపోయాయి. దాన్ని తప్పనిసరి చేసిన జెల్డా ఆట స్కైవర్డ్ స్వోర్డ్ 2011లో గానీ రాలేదు.

ఏడేళ్ళు ఖాళీగా ఉన్న కేబుల్

గ్యారంటీగా ఉన్న ఫీచర్‌కి ఇంకో గుణం ఉంది. అది ఎదురుచూడగలదు. 1989లో వచ్చిన గేమ్ బాయ్ పక్కన చిన్న పోర్టు ఉండేది, దాంతో రెండు మెషీన్లను కేబుల్‌తో కలపొచ్చు. మొదట్లో దాన్ని వాడింది ఎక్కువగా ఇద్దరు పోటీ పడి టెట్రిస్ ఆడటానికి. పోకెమాన్ రూపకర్త సతోషి తజిరికి ఆ కేబుల్‌ను చూస్తే దాని వెంట పురుగులు ఇటు నుంచి అటు పాకుతున్నట్టు తోచిందట. చిన్నప్పుడు పురుగులు పట్టి సేకరించిన మనిషి. 1996లో పోకెమాన్ వచ్చింది. రెడ్, గ్రీన్ అని రెండు రకాలుగా అమ్మారు. ఏ ఒక్కదాంట్లోనూ అన్ని జీవులూ దొరకవు; ఇంకొకరితో కేబుల్ కలిపి మార్చుకోవాల్సిందే.

పోటీ కోసం పెట్టిన తీగ మార్పిడికి పనికొస్తుందని చూడటానికి ఏడేళ్ళు పట్టింది. ఆ ఏడేళ్ళలో ఎవరూ పోర్టును తీసేయలేదు. రెండో మోడల్‌లో ఖర్చు తగ్గించుకుందామని తీసేసి ఉంటే? అందుకే కొత్త ఫీచర్ వచ్చిన ఏడాదిలోపే ఇదొక గిమ్మిక్కని తీర్పు చెప్పేసే రివ్యూలంటే నాకు కోపం. ఒక ఫీచర్‌కి సరైన ఆట దొరకడం ఆ ఫీచర్ పుట్టినప్పుడే జరగాలని లేదు.

తలుపులు పోయాయి, పొగమంచు ఉండిపోయింది

మళ్ళీ డిస్క్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇప్పటి తరంలో ఆటలను నిజంగా మారుస్తున్నది అదే.

1996 నాటి రెసిడెంట్ ఈవిల్‌లో గది మారినప్పుడల్లా ఒక తలుపు నెమ్మదిగా తెరుచుకుంటుంది. మొదటి ప్లేస్టేషన్ సీడీ నుంచి సెకనుకు 300 కిలోబైట్లే వస్తాయి, ఆ టైమ్‌ను దాచడానికి పెట్టిన తలుపు అది. భయం దానంతటదే వచ్చింది. 1999లో సైలెంట్ హిల్ దూరాన్ని చూపించలేక ఊరంతా పొగమంచు కప్పింది. ఇవి చూపించి, చూశారా, బలహీన హార్డ్‌వేర్ లేకపోతే ఈ భయం పుట్టేది కాదు అంటారు. నిజమే అనిపిస్తుంది. కానీ తర్వాత జరిగింది కూడా చూడాలి. 2019లో రెసిడెంట్ ఈవిల్ 2ని మళ్ళీ చేసినప్పుడు ఆ తలుపులు తీసేశారు. ఇప్పుడు మనం దాటిన తలుపును తోసుకుని జాంబీలు మన వెనకే వస్తాయి. గది మారితే బతికిపోయామన్న నమ్మకం పోయింది, భయం ఇంకో దారిలో పెరిగింది. 2024లో సైలెంట్ హిల్ 2 మళ్ళీ వచ్చినప్పుడు పొగమంచు మాత్రం అలాగే ఉంది, హార్డ్‌వేర్‌కి దాని అవసరం లేకపోయినా. పరిమితి పోయాక కూడా ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో ఎంచుకునే వీలు డెవలపర్‌కి దొరికింది. నాకు కావాల్సింది ఆ ఎంపిక. ఇరుకును ఆరాధించడం నాకు చేతకాదు.

2007 మాస్ ఎఫెక్ట్‌లో లోడింగ్‌ను దాచిన లిఫ్టులు, ఆ తర్వాత పదేళ్ళ పాటు ప్రతి పెద్ద ఆటలో హీరో పక్కకు తిరిగి ఒరుసుకుంటూ దూరే రాతి సందులు, ఇవన్నీ ఆ డిస్క్ సంతానమే. ప్లేస్టేషన్ 5లో ప్రతి మెషీన్‌కీ వేగమైన ఎస్‌ఎస్‌డీ ఉంది కాబట్టి అవి వెంటనే పోవాలి. పోలేదు. 2022లో వచ్చిన హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ రెండూ ప్లేస్టేషన్ 4కి కూడా విడుదలయ్యాయి. కొత్త కన్సోల్ వచ్చి రెండేళ్ళయినా గ్యారంటీ ఇంకా పాత డిస్క్‌దే. రాతి సందులూ అలాగే ఉన్నాయి. 2021లో ప్లేస్టేషన్ 5కి మాత్రమే వచ్చిన రాట్చెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్‌లో ఒక లోకం నుంచి ఇంకో లోకంలోకి రెప్పపాటులో దూకే ఘట్టాలు పెట్టగలిగారంటే, పాత డిస్క్‌ను పక్కన పెట్టే స్వేచ్ఛ ఆ ఆటకు దొరకడం వల్లే. 2023లో ఆ ఆట పీసీకి వచ్చినప్పుడు మామూలు హార్డ్ డిస్క్ మీద కూడా నడిచింది, దూకే చోట ఆగి ఆగి. ఎస్‌ఎస్‌డీ అబద్ధమని కొందరు దీన్ని చూపించారు. నాకు కనిపించేది వేరు. నడవడం వేరు, ఆ ఘట్టాన్ని అసలు ఊహించగలగడం వేరు. దూకిన ప్రతిసారీ ఆట ఆగుతుందని ముందే తెలిస్తే ఏ డిజైనరూ దాన్ని కథ మధ్యలో పెట్టడు.

నన్ను ఆపే ఒక సందేహం

అన్ని కన్సోళ్ళూ ఒకేలా మారిపోవడం గురించి బాధపడేటప్పుడు నాకొక సందేహం వస్తుంది. ఇవాళ ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ రెండూ లోపల పీసీకి దగ్గరి బంధువులు. సెర్నీ లెక్క ప్రకారం కొత్త మెషీన్ మీద మొదటి బొమ్మ రప్పించడానికి ప్లేస్టేషన్ 3తో ఆరు నెలల నుంచి ఏడాది పట్టేది, ప్లేస్టేషన్ 4తో ఒకటి రెండు నెలలు. చిన్న స్టూడియోలు కన్సోల్ మీదకి రాగలుగుతున్నాయంటే దీని పాత్ర చాలా ఉంది. ఇంకా ముఖ్యంగా, ప్రత్యేక హార్డ్‌వేర్‌కి కట్టేసిన ఆట ఆ హార్డ్‌వేర్‌తోనే పోతుంది. 2003 నాటి బోక్తాయ్ క్యాట్రిడ్జ్‌లో సూర్యకాంతిని కొలిచే సెన్సర్ ఉండేది. ఎండలోకి వెళ్ళి ఆడితేనే ఆయుధం ఛార్జ్ అవుతుంది. పాత మెషీన్‌ను అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌లో ఎండ స్థాయిని ఒక మీట జరిపి పెట్టుకోవాలి. ఆట నడుస్తుంది, కానీ అది ఆ ఆట కాదు. చేతుల నొప్పి ఉన్నవాళ్ళకు, ఒంటి చేత్తో ఆడేవాళ్ళకు, ఊపాల్సిన, అరవాల్సిన, బిగుసుకునే ట్రిగ్గర్లు నొక్కాల్సిన ఆటలు తలుపు మూసేస్తాయి కూడా.

ఈ మాటలకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఫాంటమ్ అవర్‌గ్లాస్‌లోని ఆ ముద్ర ఇంకెక్కడా అలా పడదని తెలిసి కూడా, ఆ చిక్కుముడి లేని ఆటల చరిత్ర నాకు వద్దు. భద్రపరచడం కష్టమన్న కారణంతో దాన్ని అసలు పుట్టనివ్వకపోవడం సరికాదనే నా నమ్మకం. ప్రత్యామ్నాయంగా బటన్లతో ఆడే దారి ఇవ్వడం అన్నిచోట్లా సాధ్యమే, ఇవ్వాలి కూడా. 2007లో లేయర్ ఆట డ్రాగన్‌ను కంట్రోలర్ వంచి మాత్రమే నడపాలని పట్టుబట్టి దెబ్బతింది. మరుసటి ఏడాది ప్యాచ్‌తో మామూలు స్టిక్ ఇచ్చారు.

ఇప్పుడు నేను గమనిస్తున్నది 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2ని. దాని రెండు జాయ్‌కాన్ కంట్రోలర్లనూ పక్కకు పడుకోబెట్టి మౌస్‌లా వాడుకోవచ్చు. ప్రతి పెట్టెలోనూ ఉన్న ఫీచర్ ఇది, పైగా మౌస్ అంటే పీసీ ఆటలు చేసేవాళ్ళకు కొత్త డిజైన్ అక్కర్లేదు. నా లెక్క ప్రకారం ఇది నిలబడాలి. అయితే మొదటి స్విచ్ అనుభవం గుర్తుంది. దాని కుడి జాయ్‌కాన్‌లో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉండేది, నింటెండో అమ్మిన ల్యాబో అట్టముక్కల పియానో మీటలను చూసింది అదే. 2019లో స్విచ్ లైట్ వచ్చింది. విడదీసే జాయ్‌కాన్‌లు లేవు, వైబ్రేషన్ లేదు, ఆ కెమెరా లేదు. ఆ రోజు నుంచి కెమెరా మీద ఆట కట్టాలనుకునేవాళ్ళకి కాళ్ళ కింద నేల లేదు. స్విచ్ 2 జాయ్‌కాన్‌లలో ఆ కెమెరాను పూర్తిగా తీసేశారు కూడా. స్విచ్ 2కి కూడా ఏదో ఒక రోజు చవక మోడల్ రావచ్చు. అది వస్తే దాని తెర సైజు, బ్యాటరీ నేను తర్వాత చూస్తాను, ముందు మౌస్ సెన్సర్ ఉందో లేదో చూస్తాను.